నాలుగో నంబరు కట్టె

ఎల్లారెడ్డి అంగడిలో పుచ్చకాయ కొనేవాళ్లకు కాంటా మీద నమ్మకం కుదరకపోతే చుట్టూ చూసి లింబాద్రిని పిలిచేవాళ్లు. ఆయన కాయను ఎడమ అరచేతిలో పెట్టుకుని, ఎగరేసీ ఎగరేయనట్టు ఒకసారి కదిపి, "రెండుంబావు" అనేవాడు. కాంటా కూడా అదే అనేది. ముప్పై రెండేళ్లు బీడీ ఖార్ఖానాలో ఛాటన్ పని చేసిన చెయ్యి అది. ఆడవాళ్లు ఇళ్ల దగ్గర చుట్టి తెచ్చిన బీడీల్లో మంచివి ఒక పక్కకు, చెడ్డవి ఒక పక్కకు తీయడమే ఛాటన్. ఇరవై ఐదు బీడీల కట్ట అందుకోగానే తంబాకు తగ్గిందో, ఆకు మందమైందో, ఒక బీడీ తక్కువ పడిందో ముందు చేతికి తెలిసేది. నోటికి తర్వాత తెలిసేది.

తూకం వింత విద్య. ఈ ప్రాంతంలోనే మూడు తరాల కింద సేరు వేరు, కచ్చా సేరు వేరు. ఒక ఊరి మణుగు పక్క ఊరికి పోతే చిక్కిపోయేది. తర్వాత కిలోలు వచ్చి అందరినీ ఒక్క తీరుగా నిలబెట్టాయి. అయినా మనిషి తన చేతిని నమ్మినంతగా ఇనుప రాయిని నమ్మడు. లింబాద్రి కూడా తన చేతిని అలాగే నమ్మాడు. ఊరు కూడా నమ్మింది. ఊరు నమ్మాక ఇక మనిషికి తనను తాను అనుమానించే తీరిక ఎక్కడిది?

ఖార్ఖానా పని తగ్గిపోయాక ఆయనకు గాలం మిగిలింది. ఇంటి వసారా గోడకు మూడు వెదురు కట్టెలు వేలాడుతుంటాయి. సన్నది చిన్న పరక చేపలకు, నడిమిది జెల్లలకు, మొద్దుది కొర్రమట్టకు. వెదురును ఏ నెలలో కొట్టాలి, ఎన్నాళ్లు పొగలో ఆరబెట్టాలి, ఎన్ని కణుపులు ఉండాలి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. చెప్పి చెప్పి ఒక మాట దగ్గర ఆగేవాడు.

"కట్టె చాపను జూసి పట్టాలె. మనిషిని జూసి గాదు."

ఆ మాట మీద ఆయనకు చాలా ఇష్టం. ఆ మాటే ఆయన తల దించింది.

రెండు ఇళ్ల అవతల అబ్రాహాము ఉంటాడు. లింబాద్రికంటే ఐదేళ్లు పెద్ద, అరవై ఆరు. ఒకప్పుడు మిషన్ దవాఖానలో జీపు డ్రైవరు. ఆ దవాఖానకు స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉండేది. పేరు మేరీ, జనం మేరమ్మ అనేవాళ్లు. శనివారం రోగులను చూడటం అయిపోయాక అబ్రాహాము జీపు తీసేవాడు, ఆమె అల్యూమినియం గొట్టాలు పట్టుకుని ఎక్కేది. పోచారం చెరువు అలుగు కింద మడుగుల దగ్గర దిగి, గొట్టంలోంచి ముక్కలు తీసి, ఒకదానిలో ఒకటి దూర్చి సన్నని కట్టె చేసేది. ఎర్రలు లేవు, పిండిముద్ద లేదు. కోడి ఈకల ముక్కలతో కట్టిన ఉత్తుత్తి పురుగు, దాని కడుపులో చిన్న గాలం ముల్లు. దారం వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి గాలిలో పాములా తిరిగి, ఆ ఈక నీటి మీద నిజం పురుగులా వాలేది. పట్టిన చేపను చూసి నవ్వి మళ్లీ నీళ్లలో వదిలేది. ఊళ్లో దాని గురించి నవ్వుకున్నారు. చీనాలో నీటికాకి మెడకు తాడు కట్టి చేపలు పట్టిస్తారంటే మనం నమ్ముతాం, ఆశ్చర్యపోతాం. మన మడుగు దగ్గర ఒక ముసలి దొరసాని పట్టిన చేపను వదిలేస్తే మాత్రం మతి తప్పిందంటాం.

ఆమె తన దేశం వెళ్లిపోయి పద్దెనిమిదేళ్లయింది. కట్టెలు ఆమె ఉండిన బంగళా బీరువాలో ఉండిపోయాయి. దవాఖాన మూతపడింది. బీరువా తాళం కామారెడ్డిలోని మిషన్ ట్రస్టు ఆఫీసుకు పోయింది. అబ్రాహాము ఒక్కనాడూ వాటి మాట ఎత్తలేదు. వెదురు గాలంతో లింబాద్రి పక్కన కూర్చునేవాడు. పోయినేడు వాన పడుతుండగా పక్షవాతం ఆయన కుడి చేతిని తాకి వెళ్లింది. మందులకు చెయ్యి లేచింది కానీ పాత బలం రాలేదు. చాయ్ గ్లాసు ఎత్తేటప్పుడు వేళ్లు వణుకుతాయి. వెదురు కట్టె గట్టు మీద పెట్టుకుని కూర్చోవడమే తప్ప, కొట్టి లాగడం లేదు.

అప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. మేరమ్మ చనిపోయిందని, ఆమె నాలుగు కట్టెల్లో రెండు అబ్రాహాముకు ఇవ్వాలని, ఏవి కావాలో ఆయనే తీసుకోవాలని, మిగిలిన రెండు తమకు పంపాలని ఆమె అన్న కొడుకు ట్రస్టుకు రాశాడు.

అబ్రాహాము ఉత్తరం సంగతి చెప్పి, మెల్లగా అన్నాడు.

"తమ్మీ, బేస్తారం బంగళకాడికి జర రారాదు. గాలాల ముచ్చట నాకంటె నీకే ఎరుక."

అది పెద్దమనిషి మర్యాద మాట. లింబాద్రి దాన్ని నిజమనుకున్నాడు.

గురువారం బంగళా వరండాలో పదిమంది పోగయ్యారు. ట్రస్టు గుమస్తా చక్రధర్ నాలుగు గొట్టాలు బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఏ రెండన్నది అబ్రాహాం ఇష్టం. మిగిలినయి సోమారం పదకొండుకు కామారెడ్డిల కొరియర్‌కేస్త. మల్ల మార్చుడు అంటే నాతోని కాదు, ఇప్పుడే సోంచాయించుకోండ్రి."

అబ్రాహాము ఏమీ సోంచాయించలేదు. తిన్నగా సన్నని గొట్టం దగ్గరకు పోయి మూత తిప్పాడు. కట్టె అడుగు ముక్క బయటికి తీసి, కార్కు పిడి మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలు అక్కడ ఒక గుంటలో కూర్చుంది. అది లింబాద్రి చూశాడు. చూసిన సంగతి రెండు రోజుల తర్వాత గుర్తుకు వచ్చింది.

"ఆగన్నా, ఏమంత తొందర?" అంటూ లింబాద్రి ఆ ముక్క అందుకున్నాడు. పిడికి పైన చిన్న బంగారు అక్షరాలు ఉన్నాయి. 4, తర్వాత డబ్ల్యు, టి. మిగతా మూడూ తీసి చూశాడు. 6, 8, 10. నాలుగింటి మీదా అవే రెండక్షరాలు.

లింబాద్రికి ఇంగ్లీషు రాదు. తెలుగు ఐదో తరగతి. కానీ ఆ రెండక్షరాలు వచ్చు. ఖార్ఖానాకు వచ్చే తంబాకు సంచుల మీద నెట్ వెయిట్ అని అవే ఉండేవి, పక్కన కిలోలు. ముప్పై రెండేళ్లు రోజూ చూసిన అక్షరాలు.

"గిది సమజ్ కాకపోతే ఇంకేం సమజైతది," అన్నాడు గొంతు పెంచి. "డబ్ల్యు, టి అంటె వెయిట్. బరువు. నాలుగంటె నాలుగు కిలోల చాపదాక ఆగుతది. ఆరంటె ఆరు. పదంటె పది."

చాయ్ హోటలు సిద్ధిరాములు ముందుకు వంగాడు. "అంటె పదిదాంతోని పది కిలోల బొచ్చె వస్తదా లింబన్నా?"

"గుంజుకొస్తది."

"మరి నాలుగుది మేరమ్మ ఏం జేసుకున్నదే? కూరల ఉప్పు జూసుకున్నదా?"

అందరూ నవ్వారు. అబ్రాహాము కూడా నవ్వినట్టే ముఖం పెట్టి, "నాలుగుది చేతికి జర..." అన్నాడు.

"అల్కగుంటదంటవు, అంతేనా? అల్కగుంటె ఏం ఫాయిదా అన్నా. కట్టె చాపను జూసి పట్టాలె, మనిషిని జూసి గాదు." లింబాద్రి నాలుగో నంబరు ముక్కను గొట్టంలోకి జార్చి మూత బిగించాడు. "ఎన్మిది, పది. కండ్లు మూసుకొని తీస్కపో."

పదో నంబరు గొట్టంలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. నీలి సిరాతో ఇంగ్లీషు రాత. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. లింబాద్రి దాన్ని విప్పి, చదివేవాళ్ల కళ్లు కదిలినట్టే తన కళ్లను వరసల వెంట కదిపి, సరిగ్గా అంతసేపే ఆగి, "రశీదు. కొన్నప్పటిది," అని జేబులో పెట్టుకున్నాడు.

అలా ఎందుకు అన్నాడో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆయనకు దొరకలేదు. తెలియదు అనే మాట మూడక్షరాలో నాలుగక్షరాలో. అది ఆ వరండాలో ఆయన నోట్లో పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ లింబాద్రి బండి మీద మడుగుల దగ్గరికి వెళ్లారు. పదో నంబరు కట్టె ముక్కలు కలిపితే ఇద్దరు మనుషుల పొడవు అయింది. అబ్రాహాము దాన్ని కుడి చేత్తో ఎత్తాడు. మణికట్టు కిందికి వంగిపోయింది. ఎడమ చెయ్యి ఆసరా పెట్టి వెనక్కి ఊపి ముందుకు వేశాడు. లావు దారం ఉండలా కాళ్ల దగ్గర పడింది. రెండోసారి ఈక పురుగు వెళ్లి లింబాద్రి భుజం మీది తువ్వాలకు గుచ్చుకుంది.

"ఇగో, అరవై కిలోలది దొరికింది," అన్నాడు అబ్రాహాము.

లింబాద్రి నవ్వాడు. "అలవాటు లేక గట్లున్నది. నాలుగు దినాలు తిప్పితే అదే వస్తది."

మూడోసారి వేయలేదు అబ్రాహాము. మణికట్టు రుద్దుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా నీళ్ల మీద పరకలు చిన్న చిన్న గుండ్రాలు చేస్తున్నాయి. వాటినే చూస్తూ, "మంచిగనే ఉన్నది తమ్మీ. జర బరువున్నది, అంతే," అన్నాడు. తర్వాత ముక్కలు విడదీసి, ఒక్కొక్కటీ తన చొక్కా అంచుతో తుడిచి, గొట్టంలో పెట్టాడు. రేపో ఎల్లుండో మళ్లీ రావచ్చని రెండు గొట్టాలూ లింబాద్రి ఇంట్లోనే ఉంచారు.

శనివారం మధ్యాహ్నం లింబాద్రి భార్య లక్ష్మీనర్సమ్మ చొక్కా నానబెట్టబోతూ జేబులో కాగితం తీసింది. కూతురి బిడ్డ వినీత కామారెడ్డిలో డిగ్రీ చదువుతుంది. శనివారాలు అమ్మమ్మ ఇంటికి వస్తుంది. కాగితం ఆమె చేతికి పోయింది. లింబాద్రి అన్నం తింటున్నాడు.

"తాతా, ఇది అబ్రాహాం తాతకు రాసిన ఉత్తరం," అంది వినీత. "నీ జేబులెందుకున్నది?"

ముద్ద చేతిలో ఆగిపోయింది.

వినీత ఒక్కొక్క వరసా తెలుగు చేస్తూ చదివింది. "అబ్రాహాం, ఎవరితోనైనా చదివించుకో. కట్టె మీది అంకె కట్టె బరువు కాదు, చేప బరువు కాదు. అది దారం బరువు. మీ గాలంలో సీసం గుండు దారాన్ని మోసుకుపోతుంది. దీంట్లో దారమే ఈకను మోసుకుపోవాలి. ఏ అంకె దారానికి ఆ అంకె కట్టె. పది సముద్రానికి. ఎనిమిది పెద్ద నదికి, గట్టి గాలికి. ఆరు అన్నిటికీ కొంత కొంత. నాలుగు పోచారం కింది మడుగుకు, చిన్న చేపలకు, సాయంత్రానికి. నాలుగు నీ చేతిలో ఒదిగినట్టు నా చేతిలో ఎన్నడూ ఒదగలేదు. ఒక్కటే ఉంచుకోవలసి వస్తే దాన్నే ఉంచుకో."

కింద సంతకం. తేదీ ఆమె వెళ్లిపోయిన ఏటిది. పద్దెనిమిదేళ్లు బీరువాలో చదివేవాళ్లు లేక ఉండి, మూడు రోజులు జేబులో చదవనివాడితో ఉండి, ఇప్పుడు ఆ ఉత్తరం అన్నం గిన్నెల మధ్య నోరు విప్పింది.

లక్ష్మీనర్సమ్మ మొదట నవ్వింది. "సముద్రం కట్టె తెచ్చినవా! ఎల్లారెడ్డికి సముద్రం ఏ బస్సుకొస్తదయ్యా?" తర్వాత భర్త ముఖం చూసి నవ్వు ఆపింది. "సోమారం పంపుతమన్నరు గద. ఇంక దినమున్నది. పోయి చెప్పు."

"చెప్త," అన్నాడు. ఆ రోజు చెప్పలేదు.

భయానికి కాళ్లుంటాయి, పారిపోమంటుంది. సిగ్గుకు కాళ్లుండవు. అది మనిషిని ఉన్నచోటే కూర్చోబెట్టి, తన ముఖం తనకే చూపిస్తూ ఉంటుంది. లింబాద్రికి రాని భాష ఇంగ్లీషు ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. రాకపోవడం తప్పు కాదు. కాని కళ్లను ఆ వరసల మీద నడిపించాడే, ఆ నడక గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆయన ఒంటరిగా ఉన్నా తల దించుకున్నాడు. అబ్రాహాము బొటనవేలు కూర్చున్న గుంట కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. ఏళ్లకేళ్లు ఒకే వేలు ఒత్తితే తప్ప కార్కు అట్లా గుంటపడదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్ల చొక్కాతోనే అబ్రాహాము వచ్చి గడపలో నిలబడ్డాడు.

"తమ్ముడున్నడా చెల్లే?"

లింబాద్రి లోపలి గదిలోంచి చెయ్యి అడ్డంగా ఊపాడు. లక్ష్మీనర్సమ్మ ఆ చేతిని ఒక క్షణం చూసింది. "జరమొచ్చి పండుకున్నడన్నా."

"అయ్యో. నిన్న మొన్న మంచిగనే ఉండె. ఎన్మిదిది ఒకసారి తిప్పి చూద్దమనుకున్న, పదిది నాతోని కాలే. సరేతియ్, మంచిగైనంక పోదం." సంచి చప్పుడు, మళ్లీ ఆయన గొంతే. "చర్చి చెట్టుకు నిమ్మకాయలు గాసినయి. ఇగో, రసం పిండియ్యి. నాలుకకు రుచి తెలుస్తది."

అడుగుల చప్పుడు పోయాక లక్ష్మీనర్సమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చి మంచం మీద, లింబాద్రి మోకాళ్ల దగ్గర పెట్టింది.

"ప్రార్థన చేసొచ్చిన మనిషికి నీ కోసం అబద్ధం చెప్పిన. ఇంకోసారి నన్ను అడుగకు."

"ఎట్ల చెప్పాలె నర్సీ? పదిమంది ముంగట చదివిన. ఇజ్జత్ పోతది."

"హన్మవ్వది పోలే?"

ఆ పేరు ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఆయన ఒక్కసారే చెప్పాడు, ఇరవై ఏళ్ల కింద, మళ్లీ ఇద్దరూ దాని ఊసెత్తలేదు. ఖార్ఖానాలో ఒకనాడు హన్మవ్వ అనే ఆమె కట్టను అందుకుని, చేతిలో కదిపి, ఒకటి తక్కువుందని పక్కకు పడేశాడు. "లెక్కపెట్టన్నా, ఒక్కసారి లెక్కపెట్టు," అంది ఆమె. వెనక వరసలో నలభై మంది ఆడవాళ్లు. "నా చెయ్యే కాంటా," అన్నాడు. హన్మవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లింది. ఆ రోజు నుంచి వరసలో ఆమెను దొంగ చుట్టుడు అని ఎత్తిపొడిచేవాళ్లు. మధ్యాహ్నం ఖార్ఖానాలో ఎవరూ లేనప్పుడు లింబాద్రి ఆ కట్ట విప్పి లెక్కపెట్టాడు. ఇరవై ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఐదే. ఆకు బాగా ఎండి కట్ట తేలికైంది, అంతే. దాన్ని మంచి కట్టల్లో కలిపేశాడు. ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు హన్మవ్వ పని మానేసి తాడ్వాయిలో కూతురి దగ్గరకు పోయింది.

నిమ్మకాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు లింబాద్రి. ఎంత బరువుందో చెయ్యి చెప్పబోయింది. దాన్ని గబుక్కున కింద పెట్టేశాడు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకే రెండు గొట్టాలతో కామారెడ్డి బయల్దేరాడు. కండక్టరు వాటిని చూసి, "ఏంది పెద్దాయినా, బోరు పైపులా? వాటికి గూడ టికెటు గొట్టాల్నా?" అన్నాడు. మామూలు రోజైతే లింబాద్రి దగ్గర దానికి జవాబు ఉండేది. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూశాడు.

స్టేషన్ రోడ్డులో ట్రస్టు ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల బల్ల మీద నాలుగు, ఆరు నంబర్ల గొట్టాలు గోనెగుడ్డలో కుట్టి, పైన చిరునామా రాసి ఉన్నాయి. చక్రధర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మార్చుడు కాదని చెప్పిన్నా లేదా? అబ్రాహాం రాలేదేంది?"

"నేనొచ్చిన సార్. ఇవి తీస్కొని అవి ఇయ్యిండ్రి. కొరియర్ బండి ఇంక రాలే గద."

"ఏవి తీసుకున్నరో వాళ్లకు చెప్పేసిన. ఇప్పుడు మారితే ఎందుకు మారిందో కాయితం ఉండాలె. రాసియ్యి. తెలుగులనే రాయి, నేను ఇంగ్లీషు చేసుకుంట."

తెల్ల కాగితం, పెన్ను ఇచ్చాడు. పక్క బల్ల మీద కళ్యాణి అనే టైపిస్టు, తలుపు దగ్గర జీతం కాగితం కోసం వచ్చిన ఇద్దరు టీచర్లు ఉన్నారు. లింబాద్రి కూర్చుని రాశాడు. అబ్రాహాము మనసు మార్చుకున్నాడు.

చిన్న వాక్యం. ఎవరికీ నొప్పి లేదు. అబ్రాహాముకు కట్టె వస్తుంది, ఎల్లారెడ్డిలో ఎవరికీ ఏమీ తెలియదు. లింబాద్రి పెన్ను పెట్టేయబోయాడు. ఇరవై ఐదు బీడీల కట్టను మంచివాటిలో కలిపినప్పుడు కూడా వేళ్లు ఇంత సులువుగానే కదిలాయి. అప్పుడు ఆ తప్పు హన్మవ్వ పేరు మీద ఉండిపోయింది. ఇప్పుడిది అబ్రాహాము పేరు మీద ఉంటుంది. ఒక మాట మీద నిలబడని ముసలివాడని సముద్రాల అవతల ఒక ఫైలులో పడి ఉంటుంది.

గీత కొట్టాడు. కింద మళ్లీ రాశాడు. ఆయన రాతలో ఒత్తులు సరిగా పడవు, మెల్లగా రాశాడు. చక్రధర్ కాగితం అందుకుని, అలవాటు కొద్దీ పైకి చదివాడు.

"అబ్రాహాము సరైన కట్టెకే చెయ్యి పెట్టిండు. నేను ఆ చేతిలకెల్లి తీసుకున్న. నాకు ఇంగ్లీషు రాదు. వచ్చినట్టు చేసిన. డాక్టరమ్మ ఉత్తరాన్ని రశీదన్న. తప్పు నాది. లింబాద్రి, బీడీ ఛాటన్, ఎల్లారెడ్డి."

కళ్యాణి టైపు చేయడం ఆపింది. టీచర్లలో ఒకాయన గోడ మీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు.

"అంటే ఆ దినం వరండాల చదివింది?" అన్నాడు చక్రధర్.

"చదవలే సార్. చూసిన."

చక్రధర్ బ్లేడు తీసి గోనెగుడ్డ కుట్లు కోశాడు.

తిరుగు బస్సు తాడ్వాయిలో ఆగింది. లింబాద్రి సీట్లోంచి లేచాడు. హన్మవ్వ కూతురి ఇల్లు ఏ వాడలోనో ఆయనకు తెలియదు. అడిగితే ఎవరైనా చెబుతారు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. కండక్టరు, "దిగుతున్నవా పెద్దాయినా?" అన్నాడు. లింబాద్రి గొట్టాలు ఒళ్లో సర్దుకుని కూర్చున్నాడు. ఒక్క రోజులో రెండు కాగితాలు రాసే బలం తనకు లేదనుకున్నాడు. అలా అనుకున్నందుకు లింగంపేట దాకా తల ఎత్తలేదు.

అబ్రాహాము వాకిట్లో మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో కుడి వేళ్లను ఒక్కొక్కటిగా వంచుతున్నాడు. దవాఖానలో చెప్పిన కసరత్తు. లింబాద్రి గొట్టాలు ఆయన పక్కన పెట్టి, వాటి మీద ఉత్తరం పెట్టాడు. ఉత్తరంలో ఏముందో, తను ఏం చేశాడో నిలబడే చెప్పాడు. కామారెడ్డిలో ఏం రాశాడో కూడా చెప్పాడు. జ్వరం లేదని ఆఖరున చెప్పాడు. అదే అన్నిటికంటే కష్టమైంది.

అబ్రాహాము ఉత్తరాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. చదవడానికి కాదు, ఆ నీలి రాతను చూడటానికి.

"అంకె దారానిది అన్నది నాకెరుకే తమ్మీ," అన్నాడు. "పన్నెండేండ్లు ఆమె పక్కన నిలబడి దారం చుట్టిన. ఎరుకుండదా?"

"ఎరుకుంటె చెప్పొద్దా అన్నా? వరండలనే చెప్తే అయిపోవు గద."

"నువ్వడిగినవా?"

లింబాద్రి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"పదిమంది ముంగట చదువుతున్నవు. మంచిగ చదువుతున్నవు. నడుమల నేను కాదంటె సిద్ధిరాములు నీ మీద నెల దినాలు చాయ్ అమ్ముకుంటడు." అబ్రాహాము సన్నని గొట్టం మూత తిప్పుతూ అన్నాడు. "కట్టె కంటె నువ్వే ఎక్కువనుకున్న. గిప్పుడు చూస్తె కట్టె గూడ ఇంటికొచ్చె."

ఆయన తిట్టి ఉంటే లింబాద్రికి కొంత తేలికయ్యేది. నాలుగు రోజులుగా తను కాపాడుకుంటున్నాననుకున్న ఇజ్జత్‌ను నిజానికి కాపాడింది ఎవరో, దానికి తన చేతికి ఒదిగిన ఒకే ఒక కట్టెను ఎవరు వదులుకున్నారో అప్పుడు తెలిసింది. ఆ వాకిట్లో ఎండ బాగా ఉంది. ఆయనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"కూసో," అన్నాడు అబ్రాహాము. "ఎండల నిలబడితె నిజంగనే జరమొస్తది."

ఆ సాయంత్రమే మడుగుల దగ్గరికి పోయారు. బండి నడిపింది లింబాద్రి. తన వెదురు కట్టెలు తేలేదు. అబ్రాహాము నాలుగో నంబరు ముక్కలు కలిపి, బొటనవేలిని పాత గుంటలో పెట్టాడు. చెయ్యి వణికింది. వెనక్కి ఊపినప్పుడు దారం కొంత వంకరగా లేచింది, కాని లేచింది. ముందుకు వచ్చినప్పుడు నీటికి రెండు బారల ఇవతలే పడింది. ఆయన మళ్లీ వేశాడు. నాలుగోసారి ఈక నీటిని తాకింది. పరక ఒకటి వచ్చి దాన్ని ముట్టి, మోసం తెలిసి, వెళ్లిపోయింది. అబ్రాహాము చిన్నగా నవ్వాడు. మేరమ్మ కూడా అలాగే నవ్వేదేమో, లింబాద్రి ఆ రోజుల్లో చూడటానికి రాలేదు. ఊళ్లో కూర్చుని నవ్వినవాళ్లలో ఆయనా ఒకడు.

"అన్నా," అన్నాడు లింబాద్రి. "దారం బరువు ఎట్ల జూస్తరు?"

అబ్రాహాము తిరిగి చూశాడు. ముప్పై ఏళ్ల స్నేహంలో లింబాద్రి ఆయన్ను గాలం గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. దారం చుట్టి, చివర కట్టిన ఈక పురుగును విప్పి, "చెయ్యి పట్టు," అన్నాడు. లింబాద్రి ఎడమ అరచెయ్యి చాపాడు. పుచ్చకాయలు, బీడీ కట్టలు, ఊరి నమ్మకం అన్నీ తూచిన చెయ్యి. అబ్రాహాము పురుగును అందులో పెట్టాడు.

"ఎంతున్నది చెప్పు."

లింబాద్రి చెయ్యి కదపలేదు. గాలికి ఈక వెంట్రుకలు కదులుతున్నాయి, అది అరచేతిలో ఉన్నట్టు కళ్లకు తెలుస్తోంది. చేతికి తెలియడం లేదు.

"తెలుస్తలేదన్నా," అన్నాడు.

"అందుకే దారం బరువుండాలె," అని అబ్రాహాము పురుగును తీసుకుని మళ్లీ ముడి వేయడం మొదలుపెట్టాడు. వేళ్లు వణికి ముడి జారింది. లింబాద్రి సాయం చేయడానికి ముందుకు వంగి, ఆగి, "నేను పట్టుకోవాల్నా?" అని అడిగాడు.